విశాఖలో ఉండి ఇళ్ళూ, కుర్చీలూ రెండూ చేయాలంటే: బిజోయ్ జైన్ దారి మనకి ఎంతవరకు పనికొస్తుంది?

ఎంవీపీ_చిట్టి:

నమస్కారమండీ. విశాఖలో బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) నాలుగో ఏడాది చదువుతున్న అమ్మాయిని. వచ్చే సెమిస్టర్ ఆఫీస్ ట్రైనింగ్. ఇళ్ళు గీయడంతో పాటు ఫర్నిచర్ కూడా నా వృత్తిలో భాగం కావాలని ఉంది. స్టూడియో ముంబై అనే ఆఫీసు నడిపే ఆర్కిటెక్ట్ బిజోయ్ జైన్ పని చూశాక ఆ కోరిక గట్టిపడింది.

ఆయన కెరీర్‌లో ఫర్నిచర్ ఎప్పుడు, ఎలా వచ్చింది? ట్రైనింగ్‌కి పేరున్న పెద్ద ఆఫీసు వెతుక్కోవాలా, వర్క్‌షాప్ ఉన్న చోటుకి వెళ్ళాలా? మొదటి ముక్కగా ఏం చేయాలి, ఏ కర్రతో, ఏ కొలతలతో? మన ఉప్పుగాలికి ఏది ఆగుతుంది? ఏటికొప్పాక లక్కపనిని ఫర్నిచర్‌లోకి తేవచ్చా? క్లయింట్‌కి ఇల్లు డిజైన్ చేస్తూ అదే ఇంటికి నా కుర్చీలు అమ్మితే తప్పవుతుందా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. ఎంత పొడుగున్నా చదువుతాను.

తాటిదూలం:

చెల్లెమ్మా, ముందు ఆయన తేదీలు వరసగా పెట్టి చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. 1965లో ముంబైలో పుట్టారు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో 1990లో ఎంఆర్క్ పూర్తి చేశారు. లాస్ ఏంజిలిస్‌లో రిచర్డ్ మేయర్ ఆఫీసు మోడల్ షాపులో పనిచేశారు, తర్వాత కొన్నాళ్ళు లండన్. 1995లో తిరిగొచ్చి సొంత ప్రాక్టీస్ మొదలుపెట్టారు. అలీబాగ్ దగ్గర నాందగావ్‌లో పామైరా హౌస్ 2007ది. 2010లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో తన వర్క్‌షాప్‌నే ప్రదర్శనగా పెట్టారు: మోడళ్ళు, కర్ర నమూనాలు, అతుకులు, స్కెచ్ పుస్తకాలు. బ్రసెల్స్‌లోని మానియెరా గ్యాలరీకి కుర్చీలు, బెంచీలు చేసింది దాని తర్వాతే; ఆ గ్యాలరీ మొదలైందే 2014లో. 2020లో అల్వార్ ఆల్టో మెడల్ (ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్టో పేరిట ఇచ్చే ఆర్కిటెక్చర్ పురస్కారం). 2023 డిసెంబర్ నుంచి 2024 ఏప్రిల్ దాకా ప్యారిస్‌లో ఫోండేషన్ కార్తియే అనే కళాసంస్థలో ప్రదర్శన.

ప్రాక్టీస్ పెట్టిన 1995కీ గ్యాలరీ ఫర్నిచర్‌కీ మధ్య దాదాపు 20 ఏళ్ళు ఉన్నాయి. ఆ 20 ఏళ్ళూ ఫర్నిచర్ చేయలేదని కాదు. తలుపులు, కిటికీలు, లూవర్లు (గాలి వచ్చేలా వాల్చి పేర్చిన బద్దలు), మెట్లు ఆఫీసులోని వడ్రంగులతోనే నిలువెత్తు నమూనాలుగా చేయించి, చూసి, మార్చి, మళ్ళీ చేయించారు. కుర్చీ ఆ అలవాటులోంచి పుట్టింది. ఒక కిటికీ రెక్కకి పడే అతుకు తెలిసిన చేతికి కుర్చీ కాలు కొత్త కాదు. కాబట్టి 'ఫర్నిచర్ డిజైనర్ అవడం ఎలా' అనే ముందు 'నేను గీసిన తలుపును నేనే దగ్గరుండి చేయించగలనా' అని మిమ్మల్ని మీరే అడగండి. మన ఊళ్ళో ఇల్లు కట్టే ప్రతి చోటా తలుపుచట్రాలు బిగిస్తూనే ఉంటారు. ఆ అవకాశం మీ కాలేజీ గేటు బయటే ఉంది.

పామైరా హౌస్ మన కోస్తావాళ్ళు తప్పక చదవాల్సిన ఇల్లు. పామైరా అంటే తాడి. ఆ ఇంటి లూవర్లన్నీ తాటి మాను పైపొర కోసి చేసినవి. మన భీమిలి, పద్మనాభం వైపు పాత ఇళ్ళకి తాటి దూలాలు, వాసాలు వేసిన కారణమే అక్కడా పనిచేసింది. తాటి మానులో బయటి రెండు మూడు అంగుళాలే నల్లటి గట్టి చేవ, లోపలంతా మెత్తటి పీచు. మామూలు చెట్టులో చేవ నడిమధ్య ఉంటుంది, తాడిలో అంచున. అందుకే తాటి చెక్కతో వెడల్పు పలక రాదు, సన్నటి బద్దలే వస్తాయి. డిజైన్ ఆ బద్ద వెడల్పు నుంచే మొదలవ్వాలి. బద్దల బెంచీకి తాడి బాగుంటుంది. బద్ద ఒంటరిగా బరువు మోసే చోట, దాన్ని ఉలితో తొలవాల్సిన చోట మాత్రం వద్దు. గట్టి పీచులూ మెత్తటి గుజ్జూ కలిసి ఉంటాయి కనక అంచు పగిలిపోతుంది, ఉలి పదును గంటలో పోతుంది. కార్బైడ్ బ్లేడు వాడి, అతుకుల బదులు బోల్టులతో బిగించుకోవాలి.

ట్రైనింగ్ సంగతి. నా మాట సూటిగా: వర్క్‌షాప్ ఉన్న చిన్న ఆఫీసు. ఫోన్ చేసినప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. వడ్రంగులు (కాంట్రాక్టరు మనుషులు కాకుండా) మీ జీతం మీదే ఉన్నారా? ట్రైనీలు 1:1 డ్రాయింగ్, అంటే అసలు సైజులోనే, గీస్తారా? ఈ రెంటికీ అవునంటే వెళ్ళండి. రెండర్లు (కంప్యూటర్ బొమ్మలు) చేయించుకునే పెద్ద ఆఫీసులో 4 నెలలు గడిపితే చేతికి ఒక్క అతుకూ తెలియదు.

ఆ తర్వాత పైచదువు కావాలంటే డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీ అహ్మదాబాద్‌లో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్‌లో ఎండెస్ (డిజైన్ పీజీ) ఉంది, దానికి వాళ్ళ డాట్ ప్రవేశ పరీక్ష. ఐఐటీల ఎండెస్‌కి సీడ్ అనే ప్రవేశ పరీక్ష. డిగ్రీ అక్కర్లేదు, మెషీన్లు నేర్చుకుంటే చాలనుకుంటే బెంగళూరులో కలప పరిశోధన సంస్థ ఐడబ్ల్యూఎస్‌టీలోని వుడ్‌వర్కింగ్ శిక్షణ కేంద్రం చూడండి.

చిత్రిక:

అమ్మా, పైన చెప్పింది బాగుంది. నేను కర్ర సంగతి చెబుతాను. విశాఖలో ఫర్నిచర్ పాడయ్యేది డిజైన్ వల్ల తక్కువ, తేమ లెక్క వేసుకోకపోవడం వల్ల ఎక్కువ.

మన బీచ్ వైపు గాలిలో తేమ 75 శాతం దగ్గర ఆడుతుంది. ఆ గాలిలో కర్ర ఎన్నాళ్ళు ఆరబెట్టినా 14 శాతం తేమ దగ్గర ఆగిపోతుంది. అదే కర్రని ఏసీ గదిలో పెడితే, అక్కడ గాలి తేమ 50 శాతం అనుకుంటే, 9 శాతానికి దిగుతుంది. ఈ 5 శాతం తేడాయే అతుకులు విప్పేది, పలకలు చీల్చేది. టేకు పలక అడ్డంగా కోసినది, అంటే పైన కొండల్లాంటి గీతలు కనబడేది, తేమ 1 శాతం మారితే వెడల్పులో సుమారు 0.18 శాతం కదులుతుంది. 900 మి.మీ. వెడల్పు బల్లపైభాగం 5 శాతానికి 8 మి.మీ. కుంచించుకుపోతుంది. నిలువుగీతల చెక్క అయితే అందులో సగం. పొడవు దిక్కున కదలిక లెక్కలోకి రాదు.

కాబట్టి పిన్నుల మాయిశ్చర్ మీటరు కొనడం మొదటి ఖర్చు. డిపోలో పలక కొసన గుచ్చితే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే కొసలు ముందు ఆరతాయి. పలక మధ్యలో, అవకాశం ఉంటే కొత్తగా కోసిన ముఖం మీద గుచ్చి చూడాలి. 18 పైన చూపిస్తే ఆ రోజు కొనకండి. 14 ఉంటే వరండా సామానుకి సరే. ఏసీ గది సామానుకి 10 నుంచి 12 కావాలి, అది మన గాలిలో ఆరబెడితే రాదు, కిల్న్‌లో (కర్ర ఆరబెట్టే వేడి గదిలో) ఆరబెట్టించినదే తీసుకోవాలి. తెచ్చాక మధ్యలో బద్దలు పెట్టి పేర్చి, రెండు వారాలు పనిచేసే గదిలోనే ఉంచండి.

బల్లపైభాగాన్ని కింది చట్రానికి జిగురు పెట్టి, మేకులు కొట్టి బిగించేస్తే అది కదలలేక మధ్యలో చీలుతుంది. 'కర్ర మంచిది కాదు' అని డిపోవాణ్ణి తిడతారు గాని, తప్పు కర్రది కాదు. అడ్డపట్టెలో 5 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. పొడవు గాడి కన్నాలు చేసి, వాషరు వేసి స్క్రూ బిగించాలి. స్క్రూ ఆ గాడిలో జరుగుతుంది, పలక బతుకుతుంది. ఇంకో సంగతి: పాలిష్ పైన మాత్రమే పట్టించి అడుగుభాగం వదిలేస్తే పలక దొప్పలా వంగుతుంది. అడుగున కూడా అన్నే కోట్లు వేయాలి.

ఏ కర్ర అంటారా? మొదటి ముక్కకి టేకు చేవ. ఖరీదే, కానీ పని నేర్పుతుంది: కదలిక తక్కువ, ఉలికి లొంగుతుంది. పక్కనుండే తెల్లచెక్కను కోసి పారేయండి, ఒక్క సెంటీమీటరు కూడా ఉంచొద్దు. పుచ్చుపురుగు మొదలయ్యేది అక్కడే. సన్నటి కన్నాలు, కింద పిండిలాంటి పొడి కనబడితే అదే. నల్లతుమ్మ గట్టిది, మంచం కోళ్ళకి మన పల్లెల్లో వాడినదే, కానీ అందులో టానిన్ (వగరు పదార్థం) ఎక్కువ. ఇనుప మేకు తగిలి తడి చేరితే చుట్టూ సిరా పోసినట్టు నల్లమచ్చ పడుతుంది. ఇత్తడి స్క్రూలు వాడండి. మామిడి చవక, కానీ బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో ఊరబెట్టకుండా ముట్టుకోవద్దు.

మొదటి ముక్క స్టూలు. కుర్చీ కాదు. కుర్చీలో వెనక కాలు వంపు, వీపు కోణం రెండూ కలిసొస్తాయి. మొదటిసారి రెండూ చెడతాయి. నులక అల్లిన స్టూలు చేయండి. నాలుగు కోళ్ళు, పట్టెలు, నులక: మన మంచమే, చిన్నదయింది అంతే.

కూర్చునే చోటు 400 × 380 మి.మీ., ఎత్తు 440. కోళ్ళు చిత్రిక పట్టాక 38 × 38. పై పట్టెలు నాలుగు, 25 మందం, 40 వెడల్పు. ఆ 40ని పడుకోబెట్టి వాడాలి, నిలబెట్టి కాదు. నులక బిగించి లాగినప్పుడు పట్టెని లోపలికి వంచుతుంది, కిందికి కాదు. ఇది మర్చిపోతే అల్లిక పూర్తయ్యేసరికి చతురస్రం నడుము సన్నబడి కనిపిస్తుంది. నులక ఒరుసుకునే అంచులు గుండ్రంగా తీయాలి, పదునుంటే ఏడాదిలో తాడు తెగుతుంది. కింది అడ్డబద్దలు నాలుగు, 22 × 28. కర్ర కొనేటప్పుడు కోళ్ళకి 45 × 45 × 470, పై పట్టెలకి 30 × 45 × 420, అడ్డబద్దలకి 28 × 35 × 420 చొప్పున లెక్కేస్తే 0.27 ఘనపుటడుగు. ముడులూ, పగుళ్ళూ, రంపం తినేదీ కలిపి 0.4 తీసుకోండి.

అతుకు బెజ్జంలో నాలుక దూర్చేదే, మార్టిస్ టెనన్. నాలుక మందం 12 మి.మీ., పొడవు 24, బెజ్జం లోతు 26. ఆ 2 మి.మీ. ఖాళీ జిగురు మిగులు చేరడానికి. నాలుక చేత్తో నొక్కితే సగం వరకూ పోవాలి, మిగతా సగానికి చెక్క సుత్తి కావాలి. పూర్తిగా చేత్తోనే పోతే వదులు. మొదటి నుంచీ సుత్తి కావాల్సి వస్తే కోడు చీలుతుంది. జిగురు ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి తట్టుకునేది. పూశాక పది నిమిషాల్లో బిగింపు పడాలి, కాబట్టి ముందు జిగురు లేకుండా మొత్తం ఒకసారి కూర్చి చూడండి. రెండు పక్కలు విడివిడిగా అతికించి, మర్నాడు రెంటినీ కలపండి. కలిపాక కొలిచేది పక్కల పొడవు కాదు, మూల నుంచి మూలకి రెండు కర్ణాలు. తేడా 2 మి.మీ. దాటితే జిగురు ఆరకముందే క్లాంపుని ఏటవాలుగా జరిపి సరిచేయాలి.

నులక 4 మి.మీ. నూలుతాడు, నాలుగు వైపుల నుంచీ మధ్యకి వచ్చే అల్లికకి పైన 38 మీటర్లు, అడుగున 38, పట్టెలు చుట్టిరావడానికి సుమారు 23. అంటే 100. ముడులకీ తప్పులకీ కలిపి 120 మీటర్లు కొనండి.  

సరిచూడటం: 100 కిలోల ఇసుక బస్తాలు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత రెండు కోళ్ళ మీద నిలబెట్టి 20 సార్లు ముందుకీ వెనక్కీ ఊపండి. కిర్రుమంటే అతుకు పట్టలేదన్నమాట. అమ్మే ఉద్దేశం ఉంటే కుర్చీలు, స్టూళ్ళకి భారత ప్రమాణం ఐఎస్ 17632 చదవండి, ఏ దిక్కున ఎలా పరీక్షించాలో అందులో ఉంది.

ఎంవీపీ_చిట్టి:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ చాలా థాంక్సండీ. చిత్రిక గారూ, స్టూలు తర్వాత కుర్చీకి వెళ్ళేటప్పుడు ఏది ముందు విరుగుతుంది? స్టీలు కాళ్ళు పెడితే ఆ సమస్య తప్పుతుందా? లక్క సంగతి, క్లయింట్ సంగతి ఎవరైనా చెబుతారా?

చిత్రిక:

కుర్చీలో విరిగేది ఒకే చోట: వెనక కోడూ పక్క పట్టే కలిసే అతుకు. మనిషి వెనక్కి వాలి ముందు కాళ్ళు లేపినప్పుడు బరువంతా అక్కడికే వస్తుంది. అక్కడ పట్టె ఎత్తు 60 నుంచి 70 మి.మీ. ఉండాలి, నాలుక కూడా ఆ ఎత్తంతా ఉండాలి. కింద ఒక అడ్డబద్ద కూడా ఉంటే ఆ అతుకు మీద భారం బాగా తగ్గుతుంది. కూర్చునే ఎత్తు ముందు 440, వెనక ఒక 15 తక్కువ, లోతు 420, వీపు వాలు 100 నుంచి 105 డిగ్రీలు. వెనక కోడుకి వంపు కావాలంటే 100 మి.మీ. వెడల్పు పలక మీద అట్ట నమూనా పెట్టి, గీతలు కింది భాగంలో కోడు వెంట పొడవునా పారేలా తిప్పి గీయండి. గీత అడ్డంగా తెగిన చోట కోడు బిస్కెట్‌లా విరుగుతుంది.

చండీగఢ్ నగరం కోసం ఆర్కిటెక్ట్‌లు పియర్ జానరే, యూలీ చౌదరి వాళ్ళు చేసిన టేకు, పేము కుర్చీలు ఈ కంటితో చూడండి. వి ఆకారంలో వాలిన లావుపాటి కాళ్ళు ఉన్నది అందం కోసం మాత్రమే కాదు. కాలు, చేతిపట్టె, కూర్చునే చట్రం కలిసి ఒక త్రికోణం కడతాయి, అది ఊగదు. పైగా వేర్వేరు వర్క్‌షాపుల్లో వేర్వేరు వడ్రంగులు వేల సంఖ్యలో చేయగలిగేంత తేలికైన కోతలు అవి. కాలేజీ కుర్రకారు గీసే కుర్చీల్లో తరచూ లేనిది ఆ రెండో గుణమే.

స్టీలు కాళ్ళు పెట్టొచ్చు, గాజువాక ఆటోనగర్‌లో చేసేవాళ్ళకి లోటు లేదు. కానీ సముద్రం పక్కన పౌడర్ కోటింగ్ ఎప్పుడూ కన్నాల దగ్గర, వెల్డింగ్ దగ్గరే ఓడిపోతుంది. వెల్డింగులు, కన్నాలు అన్నీ పూర్తయ్యాకే కోటింగ్‌కి పంపాలి. కోటింగ్ అయ్యాక ఒక్క కన్నం వేసినా తుప్పు అక్కణ్ణుంచి లోపలికి పాకి, పైన రంగు బుడగలా లేస్తుంది. ముందు జింకు ప్రైమర్, మీద 60 నుంచి 80 మైక్రాన్ల కోటింగ్ అడగండి. గొట్టం కొసలు ప్లాస్టిక్ మూతతో సరిపెట్టకుండా వెల్డ్ చేసి మూయించండి. బయటికి కనబడే స్క్రూలు 304 రకం కాదు, ఉప్పుగాలికి ఎక్కువ ఆగే 316 రకం స్టెయిన్‌లెస్. బీచ్ రోడ్డు బాల్కనీలో 304కి కూడా టీ మరకలాంటి తుప్పు వస్తుంది.

లక్కరంగు:

ఏటికొప్పాక సంగతి నేను చెబుతాను. ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, వరాహ నది ఒడ్డున. బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, గీత కనబడనంత నున్నగా ఉంటుంది. లేత్ మీద తిరిగేటప్పుడు మంచి నునుపు వస్తుంది. కొమ్మలు సన్నవి, కాబట్టి పెద్ద ముక్కలు రావు.

లక్క పూయడం రంగు పూయడం లాంటిది కాదు. తిరుగుతున్న కర్రకి లక్కకడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తి మెరుగు తెస్తారు. దీన్ని బట్టి డిజైనర్ తెలుసుకోవాల్సింది ఒకటే: లేత్ మీద తిరగని ఆకారానికి ఈ పని లేదు. చదును పలకకి, చదరపు కాలుకి లక్క అడగొద్దు. గుండ్రంగా తిరిగే ముక్క ఏది గీసినా వాళ్ళు అద్భుతంగా చేస్తారు: డ్రాయర్ గుబ్బలు, తలుపు పిడులు, కుర్చీ వీపులో నిలువు కడ్డీలు, దీపపు కాండం, కోటు కొక్కేలు.

లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కి కరుగుతుంది. టీ గ్లాసు పెట్టే చోట, శానిటైజరు చేయి తగిలే చోట వద్దు. ఎండపడే బాల్కనీలో వద్దు, సహజ రంగులు వెలుస్తాయి. బరువు మోసే కాలుకి అంకుడు వద్దు. టేకు చట్రంలో అంకుడు గుబ్బ, అదీ సరైన జోడీ. గుబ్బ లోపల ఇత్తడి ఇన్సర్ట్ (లోపల మరలున్న చిన్న గొట్టం) వేయించండి. స్క్రూని నేరుగా అంకుడులోకి తిప్పితే నాలుగైదు సార్లు విప్పి బిగించేసరికి కర్ర అరిగి గుబ్బ ఊడుతుంది. ఇన్సర్ట్ కన్నం లక్క వేయకముందే తొలవాలి. లక్క వేశాక తొలిస్తే అంచు చుట్టూ పెచ్చు లేస్తుంది.

డ్రాయింగ్ ఇచ్చే పద్ధతి కూడా మారాలి. ఏ4 మీద కొలతలతో గీస్తే సరిపోదు. 3 మి.మీ. ప్లైవుడ్‌లో ముక్క అంచు ఆకారాన్ని గాటుగా కోసి ఇవ్వండి. కళాకారుడు లేత్ ఆపి ఆ గాటు ఆనించి చూసుకుంటారు. 20 గుబ్బలూ ఒకేలా వస్తాయి. చేతిపని కనక వ్యాసంలో అర మిల్లీమీటరు తేడా ఉంటుంది; దాన్ని తప్పుగా చూడకుండా మీ డ్రాయర్ కన్నం ఆ తేడాని భరించేలా గీయండి. ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది: ఫొటో కింద, బిల్లు మీద చేసినవారి పేరు, ఊరి పేరు రాయండి. ధర ముక్కకి ఇంత అని ముందే మాట్లాడి, నమూనాలకి కూడా డబ్బు ఇవ్వండి. నమూనా ఊరికే చేయించుకుని ఆర్డర్ ఇవ్వకపోతే వాళ్ళకి రెండు రోజుల కూలి పోతుంది.

ఒప్పందం_ముందు:

క్లయింట్ ప్రశ్నకి వస్తాను. మొదట పేరు సంగతి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదయ్యేదాకా కార్డు మీద 'ఆర్కిటెక్ట్' అని వేసుకోకూడదు. ఫర్నిచర్ డిజైనర్ అని వేసుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, అది ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

నమోదయ్యాక 1989 వృత్తి ప్రవర్తన నియమాలు వర్తిస్తాయి. పని ఇప్పించినందుకు కమీషన్లు, బహుమతులు తీసుకోవడం, ఇవ్వడం కుదరదు. మీకున్న వ్యాపార ప్రయోజనాన్ని క్లయింట్‌కి చెప్పాలి. కాబట్టి మీ కుర్చీలు మీ క్లయింట్‌కి అమ్మడం తప్పు కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు. ఆచరణలో ఇలా చేయండి. డిజైన్ ఫీజు ఒప్పందం వేరు, ఫర్నిచర్ కొటేషన్ వేరు. కొటేషన్ పైన 'ఈ వర్క్‌షాప్ నాది' అని ఒక వాక్యం రాయండి. అదే డ్రాయింగ్‌తో బయటి కార్పెంటర్ దగ్గర చేయించుకునే స్వేచ్ఛ క్లయింట్‌కి ఉంటుందో లేదో కూడా రాయండి. ఈ వాక్యం లేకపోవడం వల్లే ఎక్కువ గొడవలు వస్తాయి. అల్వార్ ఆల్టో వాళ్ళు కూడా ఆఫీసునీ ఫర్నిచర్‌నీ కలిపేయలేదు, ఫర్నిచర్ తయారీ, అమ్మకాలకి 1935లో ఆర్టెక్ అనే వేరే కంపెనీ పెట్టుకున్నారు. ఆయన మూడు కాళ్ళ స్టూల్ 60, 1933ది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఇల్లు ఒక్కసారే కడతారు, స్టూలు ఏళ్ళ తరబడి చేస్తారు. ఆ లెక్కలు ఒకే పుస్తకంలో కుదరవు.

డిజైన్ కాపీ గురించి అడగలేదు గానీ అడగాల్సింది అదే. 2000 డిజైన్ల చట్టం కింద కుర్చీ ఆకారాన్ని నమోదు చేసుకోవచ్చు. రక్షణ 10 ఏళ్ళు, మరో 5 పొడిగించుకోవచ్చు. వ్యక్తిగా దరఖాస్తు రుసుము 1,000 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. రక్షణ కంటికి కనిపించే ఆకారానికే, అతుకు పద్ధతికి రాదు. అసలు మెలిక ఇది: దరఖాస్తు వేయకముందు ఆ డిజైన్ ఎక్కడా బయటపడి ఉండకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టినా బయటపడినట్టే, ఇక నమోదు నిలవదు. ముక్క పూర్తయిన సంబరంలో ఫొటో ముందు పెట్టేస్తారు చాలామంది. నా దగ్గర కాపీరైట్ ఉంది కదా అనుకోవద్దు. నమోదు చేయదగ్గ డిజైన్‌ని నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ ప్రతులు చేస్తే కాపీరైట్ కూడా పోతుంది.

ధర కట్టేటప్పుడు కర్ర, కూలి రెండే వేసి అమ్మేవాళ్ళు ఏడాది నిలవరు. కర్ర అంటే తరుగుతో సహా, అంటే 0.27 కాదు, 0.4. పనిదినాలు, పాలిష్, నులక, రవాణా, ప్యాకింగ్ వేయండి. జిగ్గు (ముక్కలన్నీ ఒకేలా కోయడానికి వాడే అచ్చు) చేయడానికి 2 రోజులు పడితే ఆ కూలిని 10 స్టూళ్ళ మీద పంచండి, ఒక్కదాని మీద వేయొద్దు, మర్చిపోనూ వద్దు. మీరు గీసిన గంటలు కూడా అలాగే. ఆపైన వాపసు వచ్చి మరమ్మతు చేసేవాటికి కొంత శాతం పక్కన పెట్టండి. వానాకాలం దాటగానే వదులైన అతుకుల ఫోన్లు వస్తాయి, అది ముందే ఊహించిన ఖర్చు అయి ఉండాలి.

తాటిదూలం:

ఒక మాట కలుపుతాను. ఫర్నిచర్ వైపు పూర్తిగా మళ్ళిన ఆర్కిటెక్ట్‌ల దారి కూడా చూడండి, అందరూ జైన్‌లా రెండూ నడపలేదు. జపాన్ మూలాలున్న అమెరికన్ జార్జ్ నకషిమా ఎంఐటీలో ఎంఆర్క్ చేసి, టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ దగ్గర పనిచేసి, పాండిచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే వసతి భవన నిర్మాణం చూసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మినిడోకా నిర్బంధ శిబిరంలో గెంతారో హికోగావా అనే జపనీయ వడ్రంగి దగ్గర అతుకులు నేర్చుకున్నాక, జీవితమంతా ప్రధానంగా కర్రపనికే ఇచ్చారు. 1964లో మళ్ళీ మన దేశం వచ్చి ఎన్ఐడీకి ఫర్నిచర్ డిజైన్ చేశారు. జైన్ వేరు. మెల్‌బోర్న్‌లో ఏటా కట్టే ఎంపెవిలియన్ అనే తాత్కాలిక మండపానికి 2016లో 7 కిలోమీటర్ల వెదురు, 26 కిలోమీటర్ల తాడు వాడారు. వెదురుని తాడుతో కట్టే ఆ ముడి భవనానికీ బెంచీకీ ఒకటే. మీకు నచ్చేది ఏ దారో ఆ స్టూలు నాలుగోసారి చేస్తున్నప్పుడు తెలుస్తుంది.

ఎంవీపీ_చిట్టి:

అందరికీ నమస్కారాలు. స్టూలు 1:1 గీశాను. కోళ్ళు 38 × 38, బెజ్జం కోడు మధ్యలో పెట్టాను, నాలుక 12 × 24. రెండు పై పట్టెలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. కటింగ్ లిస్ట్ చిత్రిక గారు చెప్పినదే. ఇంకేమైనా సరిచేయాలా?

చిత్రిక:

ఒకే ఎత్తులో పెట్టావు కదమ్మా, కోడు పైనుంచి చూసినట్టు ఒక అడ్డుకోత గీసి చూడు. బెజ్జం మధ్యలో ఉంటే, పక్కపట్టె నాలుక, కోడు లోపలి ముఖం నుంచి 13వ మి.మీ. దగ్గర మొదలై 25 దాకా ఉంటుంది. ముందు పట్టె నాలుక 24 పొడవు. రెండూ కోడు లోపల ఢీకొంటాయి. రెండు నాలుకల కొసలూ 45 డిగ్రీలకు కోయి, మధ్య 1 మి.మీ. ఖాళీ ఉంచు. ఇంకా మంచిదేమిటంటే, బెజ్జాన్ని మధ్యలో కాకుండా బయటి ముఖం నుంచి 8 మి.మీ. దగ్గర పెట్టు, ఏటవాలు కోత తర్వాత కూడా నాలుకకి పొడవు మిగులుతుంది. బయట మిగిలే గోడ 8 మి.మీ.కంటే తగ్గనివ్వకు, బెజ్జం కొట్టేటప్పుడు ఉబ్బి చీలుతుంది. బెజ్జాలు కొట్టేటప్పుడు కోళ్ళని పైన 25 మి.మీ. పొడుగ్గానే ఉంచు, అన్నీ అతికించాకే ఆ మిగులు కోసేయి. నువ్వు కర్ర 470 కొన్నది అందుకే.